నామినేషన్ నాడే స్టే: కోర్టులు మన హక్కుల్ని కాపాడుతున్నాయా, ఆపుతున్నాయా?

డిండి ఒడ్డు:
పండగ పూట లొల్లి పెట్టాలని కాదు గానీ పది రోజులుగా కడుపులో తిరుగుతున్న మాట ఇక్కడ రాస్తున్నా. 2025 అక్టోబరు 9, గురువారం. మా బావ ఎంపీటీసీకి నామినేషన్ వేద్దామని తెల్లారకముందే లేచి తలస్నానం చేసి, ఇంటి పన్ను మూడేండ్ల బకాయి ఒక్కసారే కట్టిన రశీదు, కులం సర్టిఫికెట్, ఎన్నికల ఖర్చు కోసం కొత్తగా తెరిచిన బ్యాంకు ఖాతా పాసుబుక్కు అన్నీ ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని మండలాఫీసుకు పోయాడు. ప్రతిపాదించే ఆయన కూలి మానుకుని వెంట వచ్చాడు. పొద్దున నోటిఫికేషన్ వచ్చింది. మధ్యాహ్నం దాటాక మంచి ఘడియ ఉందని మా అక్క అంటే బయట చాయ్ తాగుతూ ఆగారు. ఆ ఘడియ రానే వచ్చింది, దాంతోపాటే హోటల్ టీవీలో స్క్రోలింగ్ కూడా వచ్చింది, హైకోర్టు స్టే అని.

తెలియనివాళ్ల కోసం చెప్తా. సెప్టెంబరు 26న సర్కారు జీవో 9 ఇచ్చింది, స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం. ఎస్సీలకు 15, ఎస్టీలకు 10 కలిపితే 67. మొత్తం రిజర్వేషన్లు యాభై శాతం గీత దాటాయని హైకోర్టు ఆపింది. సర్కారు సుప్రీంకోర్టుకు పోతే 16వ తారీఖున అక్కడా సర్కారు పిటిషన్ కొట్టేశారు. శనివారం దీని మీద బీసీల బంద్ కూడా అయిపోయింది, దేవరకొండలో బస్సులు లేక మేం నడిచాం.

నా ప్రశ్న ఒక్కటే. కులగణనలో బీసీలు 56 శాతం అని తేలాక 42 అడిగితే యాభై గీత అడ్డం వచ్చింది. 2022 నవంబరు 7న అగ్రకులాల పేదలకు 10 శాతం ఇచ్చినప్పుడు ఆ గీత మరీ అంత గట్టిది కాదు అని అన్నదీ సుప్రీంకోర్టే. గీసింది వాళ్లే, జరిపింది వాళ్లే. మరి కోర్టు ఎవరి హక్కుకు కాపలా?

ఒక్కమాట:
పొద్దున్నే వేసి ఉంటే బావ నామినేషన్ లోపల పడేది. ముహూర్తం కోర్టు పెట్టలేదు కదన్నా.

డిండి ఒడ్డు:
లోపల పడ్డవి కూడా ఆగిపోయాయి తమ్మీ. నవ్వుకో.

నల్లకోటు:
నేను నల్లగొండ కోర్టులో పద్దెనిమిదేండ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నా. కోపం అర్థమైంది, కానీ తిట్టాల్సిన చోటు కొంచెం పక్కన ఉంది. యాభై శాతం మాట 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో ఉద్యోగాల గురించి వచ్చింది. స్థానిక సంస్థలకు 2010లో కృష్ణమూర్తి కేసులో ఐదుగురు జడ్జీల బెంచి విడిగా తేల్చింది, ఎస్సీ ఎస్టీ బీసీ అన్నీ కలిపి యాభై దాటొద్దని, షెడ్యూల్డ్ ప్రాంతాలకు మాత్రం మినహాయింపు అని. 2021లో మహారాష్ట్ర కేసులో దానికి మూడు షరతులు పెట్టారు. ప్రత్యేక కమిషన్ ఉండాలి, లెక్కలు ఉండాలి, మొత్తం యాభై లోపే ఉండాలి. మొదటి రెండూ మన సర్కారు చేసింది. మూడోది చేయడం దాని చేతిలో లేదు, అది రాజ్యాంగ సవరణ అయినా కావాలి, పెద్ద బెంచి అయినా కావాలి. మార్చిలో అసెంబ్లీ పాస్ చేసిన బిల్లులు ఢిల్లీలో పడి ఉండగా జీవో మీద ఎన్నికలకు పోతే ఏమవుతుందో సెక్రటేరియట్‌లో ఒక్కరికీ తెలియదంటే నేను నమ్మను. నిలవదని తెలిసిన జీవో ఇచ్చి, అది పడిపోయాక కోర్టు వైపు వేలు చూపించడం అన్ని పార్టీలకూ అలవాటే.

ఈడబ్ల్యూఎస్, అంటే ఆ అగ్రకులాల పేదల కోటా సంగతిలో మాత్రం నీతో ఏకీభవిస్తా. ఆ తీర్పు 3–2. జస్టిస్ రవీంద్ర భట్, అప్పటి ప్రధాన న్యాయమూర్తి లలిత్ ఇద్దరూ ఒప్పుకోలేదు. ఒక్క జడ్జి అటు మారి ఉంటే ఆ 10 శాతమే పోయేది, ఈ రోజు నీ వాదనకు కాళ్లు ఉండేవి కావు.

అయినా ఒకటి గుర్తుపెట్టుకోండి. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చుని 7–6తో పార్లమెంటు రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని ముట్టొద్దన్నారు. అది లేకపోతే ఆ తర్వాత రెండేండ్లకు వచ్చిన ఎమర్జెన్సీలో ఏమి మిగిలేదో ఆలోచించండి.

ఒక్కమాట:
ఎమర్జెన్సీలో ఏమి మిగిల్చారు వకీల్ సాబ్? 1976 ఏప్రిల్ 28, జబల్‌పూర్ కేసు. విచారణ లేకుండా లోపలేసినా హెబియస్ కార్పస్, అంటే పట్టుకుపోయినవాణ్ని కోర్టు ముందు పెట్టమని అడిగే హక్కు లేదని 4–1. హైకోర్టులు తొమ్మిది ఎదురు నిలబడితే సుప్రీంకోర్టు వంగింది. వద్దన్న ఒక్క జస్టిస్ ఖన్నాకు ప్రధాన న్యాయమూర్తి కుర్చీ అందకుండా చేశారు. తప్పు అయిందని ఒప్పుకుంది 2017లో. నలభై ఒక్క ఏండ్లకు.

నల్లకోటు:
ఒప్పుకుంటా. ఆ తీర్పును సమర్థించే లాయరును నేను ఇంతవరకు చూడలేదు.

భువనగిరి రాయి:
జబల్‌పూర్ దాకా ఎందుకు, మన జిల్లా కేసే ఉంది, దాన్ని ఎవరూ తల్చుకోరు. తెలంగాణ సాయుధ పోరాటంలో పట్టుబడ్డ రైతులకు, హైదరాబాద్‌ను దేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత వేసిన ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్షలు వేశాయి. పన్నెండు మంది. అప్పటి నల్లగొండ జిల్లా అంటే జనగామ కూడా కలిసే ఉండేది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదే వీళ్ల కేసు సుప్రీంకోర్టుకు పోయింది, జనార్దన్‌రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్ అని లా పుస్తకాల్లో ఇప్పటికీ ఉంటుంది. వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చాడు. శిక్ష పడినప్పుడు హైదరాబాద్ ఇంకా ఈ రాజ్యాంగం కిందికి రాలేదు కాబట్టి అప్పీలు వినే అధికారమే మాకు లేదని మొదట అన్నారు. మళ్లీ 1951లో, మాకు లాయరునే పెట్టలేదు మహాప్రభో అని, ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు పోనిచ్చే 32వ అధికరణం కింద పోయారు. లాయరు లేనంత మాత్రాన విడిచిపెట్టలేమన్నారు.

ఉరి ఆగింది. కోర్టు వల్ల కాదు, దేశంలోనూ బయటా గొడవ అయితే శిక్షను యావజ్జీవానికి మార్చారు. పేదవాడికి సర్కారే లాయరును పెట్టాలి, అది బతికే హక్కులో భాగం అని అదే సుప్రీంకోర్టు 1979లో బిహార్ ఖైదీల కేసులో చెప్పింది. మధ్యలో ఇరవై ఎనిమిదేండ్లు. మా తాత ఆ పన్నెండు మందిలో ఇద్దరిని ఎరుగును. ఆయన కోర్టు అనే మాట పలికేటప్పుడు ఎప్పుడూ ఒక నవ్వు నవ్వేవాడు, చిన్నప్పుడు నాకు అది అర్థమయ్యేది కాదు.

నల్లకోటు:
ఈ కేసు మేం చదివింది అధికార పరిధి అనే పాఠంలో. ఉరి అనే మాట లెక్చరర్ అనలేదు, నిజంగా చెప్తున్నా.

మూటముల్లె:
అందరూ పెద్ద పెద్ద కేసులు రాస్తున్నరు, నేను మా ఇంటి సంగతి రాస్తా. మాది జడ్చర్ల దిక్కు, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల ప్రాజెక్టులో పోయిన ఊరు. నాన్నకు రెండెకరాలు, దాంట్ల ఒక బోరు. 2015 జూలైలో జీవో 123 వచ్చింది. 2013 చట్టం ప్రకారం భూసేకరణ అంటే సర్వేలు, గ్రామసభ, పునరావాసం ఇవన్నీ చేయాలె కదా, ఇది మాత్రం ఉత్త కొనుగోలు, మీ ఇష్టంతోనే అమ్ముతున్నట్టు సంతకం. ఆ చట్టం కావాలంటే కోర్టుల చుట్టూ తిరగాలె, దీని మీద పెడితే నెలలో చెక్కు అని ఒక సారు మా అరుగు మీద కూర్చుని చెప్పిండు. ఆ సారు చెప్పింది అబద్ధం కాదు, అదే బాధ. చెక్కు నెలన్నరలో వచ్చింది.

మా ఎదురింట్ల బట్టలుతికే కుటుంబం ఉండేది. వాళ్లకు గుంట భూమి లేదు, ఊరి బట్టలే వాళ్ల మడిచెక్క. ఊరు పోతే వాళ్లకు ఏ చెక్కూ లేదు, అమ్మడానికి ఏమీ లేదు కాబట్టి. 2016 ఆగస్టు 3న హైకోర్టు జీవో 123 కొట్టేసింది. మెదక్ దిక్కు కూలోళ్లు వేసిన కేసు అది, భూమి లేనోళ్లు కూడా బతుకుదెరువు పోగొట్టుకుంటరు, వాళ్లను వదిలేసే జీవో చెల్లదు అని. ఆ రోజు టీవీల చూసి మా ఎదురింటి పెద్దమ్మ మా నాన్నను అడిగింది, ‘ఏమయ్యా మాక్కూడా ఇస్తరంటనా’ అని. మా నాన్నకు ఏం చెప్పాల్నో తెల్వలే.

ఎందుకంటే అప్పటికే రిజిస్ట్రేషన్లు అయిపోయినయ్. సర్కారు అప్పీలు వేసింది, మధ్యల కొత్త జీవోలు ఇచ్చింది, 2017ల సొంత సవరణ చట్టమే తెచ్చుకుంది. సామాజిక ప్రభావ అంచనా కొన్ని ప్రాజెక్టులకు అక్కర్లేదని దాంట్ల రాసుకున్నరు. కోర్టు మూసిన దర్వాజ పక్కకే ఇంకోటి తీసిన్రు. పునరావాసం కోసం మా ఊరోళ్లు కొంతమంది వేసిన రిట్ ఇంకా ఉంది. నాన్న వాయిదా చీటీలన్నీ దాచిపెట్టిండు.

కరువు జిల్లా:
బాధ నిజమే అన్నా, కానీ నాణేనికి ఇంకో పక్క కూడా ఉంది, నేను రాస్తే తిట్టొద్దు. మాది నారాయణపేట దిక్కు. మా మేనమామలు ముంబైలో, పుణెలో మట్టి మోసి ముసలివాళ్లయ్యారు. కృష్ణ మా జిల్లా ఒళ్లోంచే పోతుంది, మాకు నీళ్లు లేవు. 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన చేస్తే ఐదేండ్లలో నీళ్లొస్తాయనుకున్నాం. ప్రతి రిజర్వాయరు మీదా ఒక రిట్, ప్రతి ప్యాకేజీ మీదా ఒక కేసు, ఆపైన గ్రీన్ ట్రిబ్యునల్. మా నీటి హక్కు తరఫున ఎవడు వకాలత్ వేశాడు? కోర్టు ముందు నిలబడ్డవాడికే హక్కు ఉంటుందా, వలసపోయినవాడికి ఉండదా?

మూటముల్లె:
నీళ్లు ఆగింది మా కేసుల వల్ల కాదు తమ్మీ. పైసల్లేక, కాంట్రాక్టర్ల బిల్లులు ఆగి, పర్మిషన్లు తీసుకోకుండనే మొదలుపెట్టి ఆగింది. మా ఊరు ఎప్పుడో ఇచ్చినం, నీళ్లు ఎక్కడ?

కరువు జిల్లా:
అది కూడా నిజమే. కానీ స్టే ఉన్న రోజులు కూడా రోజులే కదా.

ఖిల్లా గేటు:
స్టే అంటే అందరూ శాపం లాగ రాస్తున్నారు, నాకు మాత్రం అదే అన్నం పెట్టింది. ముస్లింలలో వెనకబడిన వర్గాలకు ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన 4 శాతాన్ని 2010 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, రాజ్యాంగ ధర్మాసనం తేల్చేదాకా నడవనివ్వమంది. ఆ ధర్మాసనం ఇంకా తేల్చలేదు. ఆ మధ్యకాలంలో నేను బీసీ-ఈలో, అంటే ఆ 4 శాతం కోటాలో సీటు తెచ్చుకుని బీటెక్ చేశా, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లాడు ఒకటో తరగతి. మా నాన్న పాన్‌డబ్బా. లెక్క చూసుకుంటే నా డిగ్రీ మొత్తం మధ్యంతరమే. రేపు తీర్పు ఎటు వస్తుందోనని ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇంట్లో టెన్షన్. అయినా సరే, 2010లోనే చివరి తీర్పు చెప్పి ఉంటే నేను ఆ డబ్బాలోనే ఉండేవాణ్నేమో. కాబట్టి వాయిదా అంటే అందరికీ ఒకటే కాదు.

డిండి ఒడ్డు:
ఈ కోణం నాకు తట్టలేదు భాయ్. ఒకరికి పదిహేనేండ్ల ఆలస్యం వరం అయింది, మా బావకు కోర్టు తొందర శాపం అయింది. అసలు తీర్పు ఏమిటో ఇద్దరికీ ఇంకా రాలేదు. మనం తీర్పుల గురించి కొట్టుకుంటున్నాం గానీ బతుకులు నడిచేది మధ్యంతర ఉత్తర్వుల మీద అన్నమాట.

ఉమామహేశ్వరం మెట్లు:
అమ్రాబాద్ దిక్కు నుంచి నేను ఒక మాట. మేం గిరిజనులం కాదు, మా తాత కాలం నుంచి ఇక్కడే ఉంటున్నాం. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. నేను డీఎడ్ చేసి, మా ఊరి బడిలోనే పోస్టు ఖాళీ ఉంటే కనీసం అప్లికేషన్ పెట్టలేకపోయా. అది సమానత్వమా? 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల బెంచి నూరు శాతం చెల్లదని కొట్టేసింది, తెలంగాణ, ఆంధ్ర రెండు సర్కార్లూ కలిసి ఐదు లక్షల ఖర్చులు కట్టమంది. మీరందరూ కోర్టు హక్కులు తీసేసిందంటారు, నాకైతే ఆ రోజు ఒక హక్కు వచ్చింది. నా ఈడు దాటిపోయాక వచ్చింది, అది వేరే సంగతి.

తండా పిల్ల:
అన్నా, నీ బాధ కాదనను. కానీ ఆ జీవో ఊరికే రాలేదు. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల బడి జెండా పండగ నాడు తెరిచేవాళ్లు. మైదానం నుంచి పోస్టింగ్ వేస్తే సారు పదిహేను రోజులు సెలవు, పదిహేను రోజులు మెడికల్. అప్పాపూర్ లాంటి చెంచు పెంటలకు, అంటే గూడేలకు, అడవిలో ఎంత దూరం పోవాలో నీకే బాగా తెలుసు, నువ్వు అక్కడివాడివే. అక్కడ ఉండేవాడే టీచర్ అయితే బడి తెరుచుకుంటుందని ఆ జీవో. నూరు కాకుండా ఎనభై పెట్టమని తీర్పు చెప్తే సర్దుకునేవాళ్లం, కొట్టేసి ఊరుకుంటే తర్వాత ఏం చేయాలో సర్కారుకు అక్కర్లేకుండా పోయింది. ఉన్న టీచర్లను తీసేయలేదు, అంతవరకు నయం.

నాకు ఎక్కువ బాధ దేనికంటే, 1997లో సమత కేసులో ఇదే సుప్రీంకోర్టు, రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల కోసం ఉన్న ఐదో షెడ్యూలును చూపించి, ఏజెన్సీ భూములు ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వొద్దంది. మా హాస్టల్ వార్డెన్ ఆ తీర్పును పాఠం లాగ చెప్పేది. అదే షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారం 2020కి వచ్చేసరికి చిన్నగా అయిపోయింది. పుస్తకం అదే, పేజీ అదే. నల్లమలలో యురేనియం తవ్వుతామన్నప్పుడు మేం కోర్టు మీద ఆశ పెట్టుకుని కూర్చోలేదు, రోడ్డు మీద కూర్చున్నాం. 2019 సెప్టెంబరులో అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

ఉమామహేశ్వరం మెట్లు:
యురేనియం ధర్నాలో నేను కూడా ఉన్నా చెల్లీ, మన్ననూరు చౌరస్తాలో. ఎనభై అంటే నేనూ ఒప్పుకునేవాణ్ని. మనిద్దరినీ పిలిచి అడిగేవాడు లేడు, అంతే.

నకిరేకల్ 99:
ఎస్సీ వర్గీకరణ గురించి ఎవరూ రాయలేదేంటి, భయమా? 2000లో చేసిన చట్టం, ఎస్సీ కోటాను ఏబీసీడీ అని నాలుగు గ్రూపులకు పంచింది. 2004 నవంబరులో చిన్నయ్య కేసులో ఐదుగురు జడ్జీలు ఎస్సీలంతా ఒకటే, ముక్కలు చేయొద్దని కొట్టేశారు. 2024 ఆగస్టు 1న ఏడుగురు కూర్చుని 6–1తో చేయొచ్చన్నారు. మేం మాలలం, మా ఇంట్లో ఆ రోజు ఎవరూ సరిగా అన్నం తినలేదు, నిజం చెప్తున్నా. కులం పేరుతో మమ్మల్ని ఊరి బయట పెట్టినప్పుడు మాల అని, మాదిగ అని చూశారా? అంటరానితనం ఒకటే అయినప్పుడు లెక్క ఎందుకు విడగొట్టాలి?

ఒక్కమాట:
అన్నా, నేను మాదిగ పిల్లగాణ్ని. ఊరి బయట ఒకటే, ఒప్పుకుంటా. సెక్రటేరియట్ లోపల ఒకటి కాదు. మా మామ 2000 నుంచి 2004 మధ్యలో ఎస్సీ గ్రూప్-బీ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాడు, ఆయన తమ్ముడు 2005లో డిగ్రీ పాసయ్యాడు, ఒక్క ఏడాది తేడాతో ఆటో నడుపుతున్నాడు. ఒకే ఇల్లు, ఒకే అమ్మ. ఇద్దరి మధ్య ఒక తీర్పు. ఇరవై ఏండ్లకు కోర్టు పొరపాటు అయిందంటే ఆ ఆటో డ్రైవరు ఇప్పుడు గ్రూప్-టూ రాయాలా, వయసెక్కడిది? 2025 ఏప్రిల్ 14న మన చట్టం వచ్చింది, ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపులకు ఒకటి, తొమ్మిది, ఐదుగా పంచి. మా తరానికి పనికొస్తుంది. ఆయనకు కాదు.

నకిరేకల్ 99:
ఆ చిన్నాయన మాట వింటే నాకూ బాధే తమ్ముడూ. కానీ 2004లో మేం సంబరపడ్డది తప్పంటే ఒప్పుకోను, అప్పుడు చెప్పింది కూడా రాజ్యాంగ ధర్మాసనమే. ఇంకో ఇరవై ఏండ్లకు తొమ్మిది మంది కూర్చుని మళ్లీ తిప్పితే?

ఒక్కమాట:
అప్పుడు మన పిల్లలు ఇట్లనే ఎక్కడో టైపు చేసుకుంటూ ఉంటారు.

నల్లకోటు:
మీ ఇద్దరి మాటలూ చదివాక నాకు 2018 మార్చి గుర్తుకొచ్చింది. 20వ తారీఖున సుప్రీంకోర్టు ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టంలో వెంటనే అరెస్టు కుదరదని, ముందు విచారణ చేసుకోవచ్చని పలచన చేసింది. సరిగ్గా వారానికి, 27న, కులాంతర పెళ్లి చేసుకున్న జంటలకు రక్షణ కల్పించాలి, సురక్షిత గృహాలు పెట్టాలి అని ఇంకో బెంచి శక్తివాహిని కేసులో చెప్పింది. ఒకే కోర్టు, ఒకే నెల. మొదటిదానికి ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగితే పార్లమెంటు ఆగస్టులో చట్టం సరిచేసింది, కోర్టు మరుసటేడు తన మాట వెనక్కి తీసుకుంది. రెండోది బంగారం లాంటి తీర్పు, ఇప్పటికీ చెల్లుతుంది. ఆ సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఆసుపత్రి గేటు ముందు, కులాంతర పెళ్లి చేసుకున్న ప్రణయ్‌ను కడుపుతో ఉన్న భార్య కళ్ల ముందే ఎట్లా చంపారో మన జిల్లాలో అందరికీ తెలుసు. తీర్పు వచ్చి అప్పటికి ఆరు నెలలు కాలేదు. చెడ్డ తీర్పును జనం మార్పించగలిగారు, మంచి తీర్పును ఎవరూ పోలీస్ స్టేషన్ దాకా తీసుకుపోలేకపోయారు. నాలాంటి వాళ్లం కూడా. ఆ తీర్పు కాపీ తీసి నేను ఏ స్టేషన్‌లోనూ ఇవ్వలేదు.

మక్తల్ బస్టాండ్:
ఇంతసేపు చదువుతున్నా, రాయాలా వద్దా అని. 2019 డిసెంబరు 6 పొద్దున మక్తల్‌లో ఉన్నా. దిశ అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగురినీ పోలీసులు చటాన్‌పల్లి దగ్గర కాల్చేశారని తెలిసింది. ఆ నలుగురూ మా జిల్లా పల్లెల వాళ్లే. బ్రిడ్జి మీద పోలీసుల మీద పూలు చల్లారు, టీవీలో చూశాం. మా దగ్గర ఒకాయన మైసూర్‌పాక్ పంచాడు. నేను తిన్నా. అప్పుడు నాకు మా చెల్లె కళ్లముందు మెదిలింది, కోర్టుల్లో పదేండ్లు తిరిగితే ఏం వస్తుంది అనిపించింది. అబద్ధం చెప్పను.

ఆ సాయంత్రమే హైకోర్టు శవాలను భద్రపరచమంది. మొదట మహబూబ్‌నగర్ ఆసుపత్రిలో ఉంచి తర్వాత గాంధీకి తీసుకుపోయారు, ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి మళ్లీ పోస్టుమార్టం చేశారు. అప్పుడు మేం కోర్టును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, చచ్చినవాళ్ల మీద ఇంత ప్రేమ ఏంటని. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలి, ఆ నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లు అని రాశారు. మైనర్లు అన్న మాట చదివాక ఆ మైసూర్‌పాక్ నాకు చాలా రోజులు గొంతులోనే ఉన్నట్టు అనిపించింది.

కోర్టు లేకపోతే ఆ నివేదిక రాదు. కానీ నివేదికను హైకోర్టుకు పంపాక ఇన్నేండ్లయినా పోలీసుల మీద విచారణ మొదలు కాలేదు. మరి కాపాడిందనాలా, ఏమనాలి?

భువనగిరి రాయి:
2009 ఫిబ్రవరిలో మన హైకోర్టే ఐదుగురు జడ్జీలతో, ప్రతి ఎన్‌కౌంటర్‌కూ హత్య కేసు నమోదు చేయాల్సిందే అని తీర్పిచ్చింది. పౌరహక్కుల సంఘం వేసిన కేసు. అదే ఏడాది సుప్రీంకోర్టు స్టే. ఆ స్టే లేకపోయి ఉంటే చటాన్‌పల్లిలో తుపాకీ తీసేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించేవాళ్లేమో. అయినా నువ్వు ఇది రాశావు చూడు, అది చాలామంది రాయలేరు.

డిండి ఒడ్డు:
నేను బీసీ సీటు గురించి మొదలుపెట్టా, ఎక్కడికో వచ్చాం. మా బావ ఇప్పుడే ఫోన్ చేశాడు. ఇంటి పన్ను కట్టిన పైసలు ఎట్లాగూ తిరిగి రావు, కొత్త ఖాతాలో మినిమం బ్యాలెన్స్ లేదని బ్యాంకు కోసుకుంటోంది, దాన్ని మూసేయాలా ఉంచాలా అని అడుగుతున్నాడు. వకీల్ సాబ్, ఏం చెప్పమంటారు?

నల్లకోటు:
ఉంచమను. ఎన్నికలు ఆగాయి, రద్దు కాలేదు. హైకోర్టులో కేసు ఇంకా ఉంది.

మూటముల్లె గారూ, మీ ఊరి రిట్ నంబరు, ఏ సంవత్సరమో తెలిస్తే నాకు మెసేజ్ పెట్టండి. సర్కారు కౌంటర్ వేసిందో లేదో, చివరిసారి ఎప్పుడు లిస్టయిందో చూస్తా. హైకోర్టులో మా జూనియర్ ఉన్నాడు, ఫీజు గీజు ఏమీ వద్దు.

మూటముల్లె:
నంబరు నాకు తెల్వదు సార్. నాన్న ఆ చీటీలు యూరియా సంచిల చుట్టి అటక మీద పెట్టిండు. ఒక్కటి మాత్రం ఎదురింటి పెద్దమ్మ దగ్గర ఉండాలె, ఆమె పేరు కూడా దాంట్ల రాయించినం. ఆమె ఇప్పుడు షాద్‌నగర్‌ల బిడ్డ దగ్గర ఉంటోంది. ఆదివారం పోయి అడిగి వచ్చి పెడతా.